జర్మనీలో మొదటి నెల: ముందు ఉత్తరాల డబ్బా మీద మీ పేరు అంటించుకోండి

మీ ప్రశ్న చదివాను. ఖమ్మం నుంచి ఈ అక్టోబర్‌లో మాగ్డెబుర్గ్‌కి మాస్టర్స్ చదవడానికి వస్తున్నారు. రెండు సూట్‌కేసుల్లో ఏం సర్దుకోవాలి, నెలకు ఎంత ఖర్చవుతుంది, మొదటి నెలలో ఏ విషయాల్లో జాగ్రత్తగా ఉండాలి అని అడిగారు. తిండి గురించి అమ్మగారు బాగా బెంగ పెట్టుకున్నారని కూడా రాశారు.

నేను రాజమండ్రి నుంచి 2014లో ఇదే ఊరికి చదువుకోవడానికి వచ్చాను. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. అయినా ఏటా అక్టోబర్ వచ్చిందంటే రెండు మూడు శనివారాలు మాగ్డెబుర్గ్ వచ్చి, కొత్తగా దిగిన మన పిల్లల్ని స్టేషన్ నుంచి గదికి చేర్చడం, కాగితాల పనికి వెంట వెళ్లడం అలవాటైంది. అలా చూసినవాటి నుంచే చెబుతున్నాను.

సూటిగా జవాబు ఇదీ: ముందు చిరునామా, తర్వాత ఇన్సూరెన్స్, ఆ తర్వాతే మిగతావన్నీ. సామాన్లలో ఏది మర్చిపోయినా ఇక్కడ కొనుక్కోవచ్చు. చిరునామా నమోదు ఆలస్యమైతే మాత్రం బ్యాంకు, జీతం, వీసా పొడిగింపు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. డబ్బు సంగతికొస్తే, పొదుపుగా ఉంటే నెలకు 850 నుంచి 950 యూరోల్లో గడుస్తుంది. తిండికి ఏ లోటూ ఉండదు, వండుకోవడం వస్తే చాలు.

ఉత్తరాల డబ్బా గురించి మీరు అడగలేదు. అయినా అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. జర్మనీలో ముఖ్యమైన పనులు ఇప్పటికీ చాలావరకు పోస్టులోనే జరుగుతాయి. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ మరో కవర్లో వస్తాయి. పన్ను నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, రెసిడెన్స్ కార్డు తాలూకు పిన్ అన్నీ ఉత్తరాలే. ప్రతి బిల్డింగు ముందు వరుసగా ఇనుప డబ్బాలు ఉంటాయి, ఒక్కో డబ్బా మీద చిన్న చీటీలో ఇంటిపేరు ఉంటుంది. ఫ్లాటు నంబరుతో ఇక్కడ పని లేదు. పోస్టు తెచ్చే మనిషి ఆ ఇంటిపేరు కోసం వెతుకుతారు, కనిపించకపోతే ఉత్తరం పంపినవాళ్లకే తిరిగిపోతుంది.

నాలుగేళ్ల కిందట ఒక అబ్బాయి బ్యాంకు కార్డు కోసం ఐదు వారాలు ఎదురుచూశాడు. బ్యాంకుకు ఫోన్ చేస్తే రెండుసార్లు పంపాం, రెండుసార్లూ వెనక్కి వచ్చిందన్నారు. వెళ్లి డబ్బా చూశాను. మనం స్నేహితులకు చెప్పుకున్నట్టు, పిలిచే పేరు మాత్రమే రాసి పెట్టుకున్నాడు. ఉత్తరాలేమో పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరుతో వస్తున్నాయి. తెల్ల కాగితం ముక్క మీద ఇంటిపేరు, పేరు రెండూ పెద్ద అక్షరాల్లో రాసి, పైన టేపు వేసి అంటించాం. మరుసటి వారం కార్డు వచ్చింది. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అక్కడ పేరు ఎలా ఉందో డబ్బా మీద అచ్చం అలాగే రాయండి. గదిలో దిగిన రోజే ఈ పని అయిపోవాలి. ఎవరైనా స్నేహితుల ఇంట్లో నాలుగు రోజులు ఉండి ఆ చిరునామా ఎక్కడైనా ఇచ్చినా, వాళ్ల డబ్బా మీద కూడా మీ పేరు ఉండాలి.

ఇక చిరునామా నమోదు. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి పౌర సేవల ఆఫీసుకు వెళ్లి చేయించుకోవాలి. పాస్‌పోర్టుతో పాటు, ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఒక పేజీ ధ్రువపత్రం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం కష్టమే గానీ, ఆ మాట ఫోన్‌లో రాసి పెట్టుకోండి. చాలామంది అద్దె ఒప్పందం తీసుకెళ్లి వెనక్కి వస్తారు. ఒప్పందం వేరు, ఈ కాగితం వేరు. అపాయింట్‌మెంట్లు అక్టోబర్‌లో తొందరగా నిండిపోతాయి కాబట్టి ఖమ్మంలో ఉండగానే ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. రెండు వారాల్లోపు తేదీ దొరక్కపోతే దొరికిన తేదీకే బుక్ చేసి, ఆ రుజువు దాచుకోండి.

"గదిలో ఉండు గానీ నమోదు మాత్రం చేసుకోవద్దు" అని ఎవరైనా అంటే ఆ గది వద్దనండి. అద్దె ఎంత తక్కువైనా సరే. చెప్పేది మన ఊరి సీనియర్ అయినా సరే.

ఆ ఫారంలో మతం గురించి ఒక గడి ఉంటుంది. దీని సంగతి తెలియక చాలామంది ఏదో ఒకటి నింపేస్తారు. కాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని నమోదైతే, రేపు ఉద్యోగం వచ్చి ఆదాయపు పన్ను కట్టేటప్పుడు ఆ పన్ను మీద రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం చర్చి పన్ను కలుస్తుంది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల పిల్లలు దీన్ని ముందే తెలుసుకుని, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని రావడం మంచిది. అబద్ధం రాయమని చెప్పడం లేదు. ఏం రాస్తున్నామో, దానివల్ల ఏం వస్తుందో తెలిసి రాయాలి.

నమోదైన కొన్ని వారాలకు 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది జీవితాంతం మారదు. ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి, ఏ పార్ట్‌టైమ్ పనిలో చేరినా మొదట అదే అడుగుతారు.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క తప్పు చదువు అయ్యేదాకా వెంటాడుతుంది. 30 ఏళ్లలోపు విద్యార్థులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా విద్యార్థి రేటులో దొరుకుతుంది. ఇప్పుడు నెలకు దాదాపు 150 యూరోలు. దాని బదులు నెలకు ముప్పై నలభై యూరోల ప్రైవేటు పాలసీ చూపించి ఆశపెట్టేవాళ్లు ఉంటారు. ప్రైవేటు ఎంచుకుని, ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు కాగితం మీద సంతకం పెడితే ఆ చదువు పూర్తయ్యేవరకు మళ్లీ వెనక్కి రావడానికి వీల్లేదు. నాకు తెలిసిన ఒకమ్మాయి అలా నెలకు వంద యూరోలు మిగులుతాయని సంతకం పెట్టింది. రెండో సెమిస్టర్‌లో పంటి నరం దాకా వెళ్లిన నొప్పి వచ్చింది. పాలసీలో దంతాలకు పరిమితి ఉంది, బిల్లు ముందు తనే కట్టాలి. మిగులుతాయనుకున్నదంతా ఆ ఒక్క పంటికే పోయింది. వీసా కోసం తీసుకునే ట్రావెల్ పాలసీ వేరు, అది ప్రయాణానికి, మొదటి రోజులకే. యూనివర్సిటీలో చేరే రోజు నుంచి ప్రభుత్వ బీమా మొదలయ్యేలా చూసుకోండి.

దీంతోపాటు హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే చిన్న బీమా కూడా తీసుకోండి. పొరపాటున ఎదుటివాళ్ల వస్తువు పాడుచేస్తే అది కడుతుంది. ఏడాదికి నలభై యాభై యూరోలు. గది తాళం పోతే బిల్డింగు తాళాలన్నీ మార్చాల్సి వచ్చే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, అందుకే తాళాల నష్టం కూడా కవర్ అవుతుందో లేదో అడిగి తీసుకోండి.

డాక్టరు విషయంలో మన అలవాటు మార్చుకోవాలి. జ్వరం వస్తే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లడం కాదు. ఇంటి దగ్గర ఒక ఫ్యామిలీ డాక్టరును చూసుకుని, ఒంట్లో బాగున్నప్పుడే కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా అని అడిగి పెట్టుకోండి. రాత్రిపూట, ఆదివారాల్లో ప్రాణం మీదికి రాని జబ్బులకు 116117. ప్రాణాపాయం అయితే, అగ్నిప్రమాదం అయితే 112. పోలీసులకు 110. ఈ మూడు నంబర్లు ఫోన్‌లో వేసుకోండి. మందుల షాపులో యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. మీరు రోజూ వాడే మందులు ఏవైనా ఉంటే మూడు నెలలకు సరిపడా, ఇంగ్లీషులో రాసిన చీటీతో సహా తెచ్చుకోండి. కొడీన్ ఉన్న దగ్గు మందులు తేకండి.

ఇప్పుడు అమ్మగారి బెంగ గురించి.

ముందు, తేకూడనివి. ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేవడానికి అనుమతి లేదు. కాబట్టి చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా ఆకులు తేవడం కుదరదు. కరివేపాకు పొడి చేయించుకోండి. ఒకసారి ఒక తల్లి గంటల తరబడి నిలబడి కాచి పంపిన నెయ్యి డబ్బా విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి పోవడం చూశాను. ఆ పిల్ల ఆ సంగతి ఇంట్లో చాలా రోజులు చెప్పలేకపోయింది. నెయ్యి ఇక్కడే చేసుకోవచ్చు. ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా ఉప్పు లేని వెన్న పావుకిలో దిమ్మెలుగా దొరుకుతుంది. సన్న సెగ మీద కాచి, అడుగున గసి ఎర్రబడగానే దించి వడకట్టండి. మంచి నెయ్యి వస్తుంది.

ఆవకాయ, గోంగూర, చింతకాయ, టమాటా పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. గాజు సీసాల్లో వద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి సూట్‌కేసు మధ్యలో బట్టల నడుమ సర్దండి. కందిపొడి, కారప్పొడి, సాంబారు పొడి, ఇంగువ తెచ్చుకోండి. బియ్యం, కందిపప్పు మాత్రం మోసుకురాకండి. ఇండియన్ షాపుల్లో సోనా మసూరి కూడా దొరుకుతోంది. టర్కిష్ షాపులో కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, బెండకాయ, ఎర్ర మసూర్ పప్పు, పది శాతం వెన్న ఉన్న చిక్కటి పెరుగు దొరుకుతాయి. ఆ పెరుగులో కాసిన్ని నీళ్లు కలిపితే ఇంటి పెరుగన్నమే. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, నీళ్ల సీసాలకు డబ్బు తగలెయ్యక్కర్లేదు.

నిజంగా మోసుకురావలసింది ప్రెషర్ కుక్కర్. మూడు లీటర్లది, స్టీలుది, అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేది. అల్యూమినియం కుక్కర్ తెచ్చి, హాస్టల్ వంటింట్లో ఇండక్షన్ పొయ్యి చూసి తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దానితో పాటు రెండు గాస్కెట్లు, ఒక విజిల్, ఒక సేఫ్టీ వాల్వ్ అదనంగా వేసుకోండి. మీ కుక్కర్‌కు సరిపోయే గాస్కెట్ ఇక్కడ దొరకడం కష్టం. పోపుల డబ్బా, ఒక గరిటె, ఇంకొక జత కళ్లద్దాలు ఉంటే అవీ తెండి. మిక్సీ ఇక్కడి కరెంటుకు పనిచేస్తుంది, వోల్టేజీ మనదే. కానీ మన మూడు కాళ్ల ప్లగ్గు ఇక్కడి సాకెట్లో దూరదు, ఎర్త్ ఉన్న మంచి అడాప్టర్ కావాలి. చలికోటు ఖమ్మంలో కొనొద్దు. అక్కడ దొరికేవి ఇక్కడి గాలికి ఆగవు, బరువు దండగ. నవంబర్ మొదటి వారంలో ఇక్కడే కొనుక్కోండి.

దోశపిండి చలికాలం బయట పెడితే పులవదు. ఓవెన్‌లో వేడి పెట్టకుండా లైటు మాత్రం వేసి, గిన్నె లోపల పెట్టి తలుపు మూసేయండి. తెల్లారేసరికి పొంగి ఉంటుంది. లోపల పిండి ఉందని ఓవెన్ మీద ఒక చీటీ అంటించండి, లేకపోతే పక్క గది వాళ్లు చూడకుండా వేడి పెట్టేస్తారు.

వంట అన్నాక పోపు గురించి చెప్పకుండా ఉండలేను. ఒక హాస్టల్లో రాత్రి తొమ్మిది గంటలకు ఒకమ్మాయి రసానికి పోపు పెడుతోంది. నూనె బాగా కాగింది, ఆవాలు చిటపటలాడాయి, నాలుగు ఎండుమిర్చి తుంచి వేసింది. ఘాటు గొంతులో కొట్టేసరికి దగ్గు ఆగక గది తలుపు బార్లా తీసింది. పొగంతా నడవలోకి వెళ్లింది. నడవలోని అలారం నేరుగా అగ్నిమాపక కేంద్రానికి కలిపి ఉంది. ఐదు నిమిషాల్లో రెండు ఫైరింజన్లు వచ్చాయి, బిల్డింగులో పిల్లలంతా చెప్పులతో, దుప్పట్లతో చలిలో బయట నిలబడ్డారు. తర్వాత బిల్లు కూడా ఆ అమ్మాయికే వచ్చింది. అందుకని పోపు పెట్టేముందు కిటికీ తెరవండి, నడవ వైపు తలుపు మూయండి, నూనె పొగ రాకముందే ఆవాలు వేయండి, మూత చేతిలో పట్టుకోండి. అలారం మీద ప్లాస్టిక్ కవరు కట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అది మీ ప్రాణం కోసం పెట్టింది.

ఇంటి గురించి ఇంకొకటి, నేను అనుభవించింది. మొదటి చలికాలం మేం ముగ్గురం ఒక ఫ్లాటులో ఉండేవాళ్లం. చలికి భయపడి కిటికీలు తెరిచేవాళ్లం కాదు. రోజూ రెండు పూటలా అన్నం వండేవాళ్లం, బట్టలు గదిలోనే ఆరేసేవాళ్లం. ఫిబ్రవరిలో ఇల్లు ఖాళీ చేస్తూ బీరువా జరిపితే, వెనక గోడంతా నల్లగా బూజు. అరచేతితో తుడిస్తే చెయ్యంతా మసి. యజమాని అడ్వాన్సులోంచి 380 యూరోలు పట్టుకున్నాడు. అప్పటికి నా దగ్గర నెలాఖరుకు మిగిలేది నలభై యూరోలు. అప్పటినుంచి అందరికీ ఒకే మాట చెబుతున్నాను: రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. కొంచెం వంచి రోజంతా వదిలేయడం కాదు, బార్లా తెరిచి మళ్లీ మూసేయాలి. ఆ కాసేపు హీటర్ ఆపేయండి. వంట అయ్యాక ఒకసారి, స్నానం అయ్యాక ఒకసారి. బీరువా బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి. గదిలో దిగిన రోజే గోడలు, నేల, పొయ్యి, బాత్రూమ్ అన్నీ తేదీ తెలిసేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

అడ్వాన్సు చట్ట ప్రకారం కరెంటు, హీటర్ ఖర్చులు కలపని మూల అద్దెకు మూడు రెట్లు మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. గది చూడకుండా, తాళం పోస్టులో పంపిస్తాను ముందు డబ్బు వేయండి అనేవాళ్లకు ఒక్క యూరో కూడా పంపకండి. పాస్‌పోర్టు ఫొటో చూపించి నమ్మిస్తారు, ఆ పాస్‌పోర్టు కూడా ఎవరిదో అయి ఉంటుంది.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. వీసాకు చూపించే బ్లాక్డ్ ఖాతా (ముందే డబ్బు వేసి, నెలకు ఇంతే తీసుకునేలా కట్టడి చేసిన ఖాతా) నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి, ఏడాదికి 11,904. హాస్టల్ అద్దె 300 నుంచి 380, బయట షేరింగ్ ఫ్లాటులో అటూ ఇటుగా 400. ఇన్సూరెన్స్ 150. ఇంట్లో వండుకుంటే తిండికి 180. ఫోన్ 10. టీవీ, రేడియోలకు ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల చందా తప్పదు, మీ ఇంట్లో టీవీ లేకపోయినా సరే. షేరింగ్ ఫ్లాటులో ఒక్కరు కట్టి అందరూ పంచుకుంటే చాలు. ఈ చందా కట్టమని వచ్చే ఉత్తరం చూసి మోసమనుకుని పక్కన పడేసేవాళ్లు ఉంటారు. అది నిజమైన ఉత్తరమే, పడేస్తే బకాయి పెరుగుతూ పోతుంది. మొదటి నెలకు మాత్రం అడ్వాన్సు, దుప్పటి, గిన్నెలు, సెమిస్టర్ ఫీజు కలిపి 1,500 నుంచి 2,000 యూరోలు అదనంగా చేతిలో ఉండాలి. ఖాతా తెరుచుకునేలోపు ఈ డబ్బుకు ఫారెక్స్ కార్డు వాడుకోవచ్చు.

పార్ట్‌టైమ్ గురించి మీరు అడగలేదు గానీ త్వరలోనే అడుగుతారు. స్టూడెంట్ పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటొద్దు. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ల దగ్గర చేసే సహాయకుల పని ఈ 140 రోజుల్లోకి రాదు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, అంతకన్నా తక్కువ ఇస్తామంటే చేయకండి. కాంట్రాక్టు లేకుండా చేతికి డబ్బిచ్చే పనులు, మీ పేరు మీద సొంత వ్యాపారంగా చూపించి చేయించుకునే డెలివరీ పనులు వద్దు. స్వయం ఉపాధికి స్టూడెంట్ పర్మిట్‌లో విడిగా అనుమతి ఉండాలి. పట్టుబడితే పోయేది ఆ పని కాదు, మీ పర్మిట్. మొదటి సెమిస్టర్ పని చేయకుండా గడిచేలా డబ్బు సర్దుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

చిన్నచిన్నవి త్వరగా చెప్పేస్తాను. ఆదివారాలు, పండుగ రోజులు షాపులు మూసి ఉంటాయి. మీరు దిగే నెలలో అక్టోబర్ 3 సెలవు, మాగ్డెబుర్గ్ ఉన్న జర్మన్ రాష్ట్రంలో అక్టోబర్ 31 కూడా సెలవే. శనివారం సాయంత్రంలోపు పాలు, బ్రెడ్ తెచ్చుకోవాలి. వీలైతే ఆదివారం దిగేలా టికెట్ తీసుకోకండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు, ఆదివారం రోజంతా మిక్సీ, వాషింగ్ మెషీన్ వేయకండి. ప్లాస్టిక్ సీసాలు, క్యాన్ల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లోని మెషీన్లో వేస్తే వెనక్కి వస్తుంది, నలిపేయకండి. ట్రామ్ టికెట్ కొంటే సరిపోదు, కొన్నిచోట్ల ఎక్కగానే మెషీన్లో ముద్ర కొట్టాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, జరిమానా 60 యూరోలు. మీ సెమిస్టర్ ఫీజులో ఏ ప్రయాణాలు ఉచితమో యూనివర్సిటీ వాళ్లను ముందే అడగండి.

కొత్త సినిమా టొరెంట్‌లో దించుకోకండి. ఇండియాలో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ సినిమా హక్కుదారుల లాయర్లు ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు వందల యూరోలు కట్టమని నోటీసు పంపుతారు. మీ ఫ్లాటులో కనెక్షన్ ఇంకొకరి పేరు మీద ఉంటే వాళ్లను ఇరికించినవారవుతారు. అలాంటి నోటీసు వస్తే అందులో సంతకం పెట్టమన్న కాగితం మీద సంతకం పెట్టకుండా, అలాగని పారేయకుండా, యూనివర్సిటీ విద్యార్థి సంఘం నడిపే ఉచిత న్యాయ సలహాకు తీసుకెళ్లండి. జర్మన్‌లో వచ్చిన ఏ ఉత్తరాన్నైనా ఫోన్‌లో అనువాదం చేసి, గడువు తేదీ ఉందా అని ముందు చూడండి.

వీసా గడువు తేదీకి కనీసం రెండు నెలల ముందే రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టండి. గడువులోగా పెట్టినట్టు రుజువుంటే, కార్డు వచ్చేదాకా తాత్కాలిక ధ్రువపత్రం అడిగి తీసుకోవచ్చు. ఆ కాగితంతో ఇండియా వెళ్లి మళ్లీ రావచ్చో లేదో దాని మీద ఏ సెక్షన్ రాశారో దాన్ని బట్టి ఉంటుంది. టికెట్ కొనేముందు ఆఫీసులో అడగండి.

ఆఖరున చెబుతున్నాను గానీ దీని మీదే నాకు ఎక్కువ దిగులు. ఇక్కడ పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి, గడువు దాటితే కూర్చోనివ్వరు. చాలా కోర్సుల్లో ఒక సబ్జెక్టుకు మూడే అవకాశాలు. మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి తీసేస్తారు, జర్మనీలో మరోచోట అదే కోర్సులో చేరడం కూడా కుదరదు. మన దగ్గర సప్లీలు రాసుకుంటూ పోయిన అలవాటుతో ఇది అర్థమయ్యేసరికి కొందరికి రెండు అవకాశాలు అయిపోతాయి. మీ కోర్సు పరీక్షల నిబంధనలు మొదటి వారంలోనే చదవండి. సిద్ధంగా లేని పరీక్షకు గడువులోగా పేరు వెనక్కి తీసుకోండి.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కే చీకటి పడుతుంది. వారాల తరబడి ఎండ కనిపించదు. అప్పటికి కొత్త మోజు తీరిపోయి, పరీక్షలు దగ్గరపడి, ఇంటి మీద లోను గుర్తొచ్చే సమయం అది. ఒక అబ్బాయి రెండు సబ్జెక్టులు పోయాక క్లాసులకు రావడం మానేశాడు, ఇంటికి ఫోన్ చేసి మాత్రం అంతా బాగుందని చెప్పేవాడు. మూడు వారాలు గది దాటి రాలేదని తెలిసి వెళ్లాం. కిటికీ తెర కూడా తీయలేదు, పొయ్యి మీద గిన్నె ఎండిపోయి ఉంది. అతన్ని యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లాం. అది ఉచితం, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు, మీరు చెప్పింది యూనివర్సిటీకి గానీ ఇంటికి గానీ చేరదు. ఇప్పుడతను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగంలో ఉన్నాడు. మీకు నిద్ర పట్టకపోయినా, వరుసగా నాలుగు రోజులు గదిలోంచి రావాలనిపించకపోయినా ఆగకుండా వెళ్లండి. పగలు వెలుతురు ఉన్న ఒక గంట తప్పకుండా బయట నడవండి, ఎల్బే నది ఒడ్డున మంచి దారి ఉంది. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు చలికాలంలో మనకన్నా ఇక్కడ నాలుగున్నర గంటలు వెనక అని గుర్తుంచుకోండి. మీకు మధ్యాహ్నం మూడున్నర అయితే అమ్మగారికి రాత్రి ఎనిమిది. ఆ సమయానికి వాళ్లు భోజనానికి కూర్చుంటారు, మీకూ క్లాసు అయిపోయి ఉంటుంది.

మీకు దొరికింది హాస్టల్ గదా, బయట ఫ్లాటా అన్నది రాయలేదు. బయటిదైతే, నేను పైన చెప్పిన ధ్రువపత్రం ఏ తేదీకి ఇస్తారో యజమానిని ఈ రోజే మెయిల్‌లో అడగండి. ఏం జవాబిచ్చారో ఇక్కడ రాస్తే, చూసి చెబుతాను.